పిండి మాది, పాకం వాళ్లది

కంటి ఆపరేషన్ కోసమని మా అమ్మ పోయిన నెల అనంతపురం వచ్చి మా ఇంట్లో ఉండింది. ఒక కంటికి పచ్చగుడ్డ కట్టినారు, రెండో కంటికి చూపు ఎప్పుడో మందగించింది. వంగొద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు అని డాక్టరు గట్టిగా చెప్పినాడు. అందుకని హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి నేను వంటింట్లో సంగటి కెలుకుతా ఉన్నాను. ఉన్నట్టుండి అమ్మ నన్ను పిలిచి, పైనింట్లో ఎవరో బెల్లం పాకం పట్టినారు, జప్పున పోయి దించమని చెప్పు, ముదిరిపోతా ఉండాది అనింది. నాకే వాసనా తగల్లేదు. అయినా అమ్మ మాట మీద మెట్లెక్కి పోయి తలుపు కొట్టినాను. పైన అద్దెకుండే అమ్మాయి చంటిబిడ్డను భుజాన వేసుకుని జోకొడతా తలుపు తీసింది. అత్తగారు వస్తున్నారని అరిసెలకు పాకం పెట్టి, బిడ్డ ఏడిస్తే పొయ్యి సంగతి మరిచిపోయిందంట. నేను పోయి దించేసినాను. ఇంకొంచెం ఉండింటే ఆ బెల్లం రాయయ్యేది.

కిందికొచ్చి చెప్తే అమ్మ తల ఊపింది, అంతే. ఆమెకు అదేమంత విశేషం కాదు. కానీ ఆ పూటంతా మా ఇద్దరికీ ఇంకో మాట లేదు. నేను ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషిని. మీ అమ్మ ఏం చేసేదని ఎవరైనా అడిగితే కూలికి పోయేది అని చెప్పి ఊరుకునేదాన్ని. ఆ రోజు కుర్చీ పక్కన కింద కూర్చుని ఆమె మాటలు వింటా ఉంటే, ఇంత పెద్ద సంగతి ఎవరికీ చెప్పకుండా ఇన్నేండ్లు ఎట్ల ఉన్నానా అనిపించింది. ఇప్పుడు చెప్తాను.

మాది బెళుగుప్ప దగ్గర ఒక పల్లె. ఊరికి పడమర పక్క మా వాడ, మాదిగ గేరి, అందులో మట్టి మిద్దెలు, మిద్దెల నడుమ సున్నం కొట్టిన చిన్న చర్చి. మా తాతల నాడే గేరి అంతా క్రైస్తవం తీసుకున్నారు. అమ్మకు చర్చిలో పేరు శాంతమ్మ. ఊర్లోవాళ్లకు మాత్రం పాత పేరే, సుంకి. నాయన ఊరి నడుమ పెద్దింట్లో జీతగాడు, అంటే ఏడాది పొడుగునా వాళ్ల ఎద్దులూ దున్నే మడకా చూసుకోవడం ఆయన పని. అమ్మ కూలికి పోయేది, అదే ఇంటికి దంచేదానికీ చెరిగేదానికీ పోయేది. మా ఇంట్లో పొద్దున్నే జొన్నరొట్టె తట్టే చప్పుడుతో మెలకువ వచ్చేది. మధ్యాహ్నం సంగటి, రాత్రికి కొర్రన్నం. వరన్నం అంటే పండగే. వానలు సరిగ్గా పడని ఏడు పండక్కి కూడా ఉండేది కాదు. మా నేలలో వరి పండేదెక్కడ? పెద్దింటివాళ్ల బావి కింద ఒక మడి ఉండేది, అంతే. కాలువలున్న చోట పుట్టినవాళ్లకు బియ్యం అంటే మాకెట్ల తోచేదో చెప్పినా అర్థం కాదు. గుప్పెడు బియ్యం చేతిలోకి తీసుకుని మా నాయన ఊరికే వాసన చూసేవాడు.

ఇంక ఆ బియ్యంతో తీపి చేసుకోవడమంటే పెద్దిళ్లకే చెల్లిన పని. కోస్తావాళ్లు అరిసెలనేవాటిని మా వైపు అత్తిరసాలంటారు. దీపావళికి పెద్దింట్లో అత్తిరసాలు చేసేవాళ్లు. ముందు రోజు నానేసిన బియ్యం వడగట్టి, పెరట్లో గుడ్డ మీద ఆరబోస్తే, తడి పూర్తిగా ఆరకముందే అమ్మ పోయి రోట్లో పోసి దంచేది. తడిపిండి దంచడం పొడిపిండి దంచినట్టు కాదు. రోకలికి అంటుకుంటుంది, రోటి అంచుకు పాకుతుంది, చేత్తో లోపలికి తోసుకుంటా దంచల్ల. అమ్మ దంచి జల్లించిన పిండి చేత్తో పట్టి పిడికిలి మూస్తే ముద్దయ్యేది, తెరిస్తే వేలి గీతలు దాని మీద అచ్చు పడేవి. పిండి చాటలో పోసి వంటింటి గడప అవతల పెట్టి అమ్మ ఇవతలకొచ్చేసేది. అక్కడితో ఆమె పని అయిపోయేది. పాకం లోపల పట్టేవాళ్లు. మేము పెరట్లో రోలు కడుగుతా ఉంటే ఆ వాసన వచ్చేది. బెల్లం ఉడికే వాసన, దాంట్లో యాలకులు పడినప్పుడు లేచే వాసన, ఆ తర్వాత నూనెలో నువ్వులు వేగే వాసన. నేను ముక్కుతోనే అత్తిరసాలు తిన్నదాన్ని.

పండగ మరుసటి రోజు గేరిలో ఆడోళ్లు, పిల్లలు పెద్దింటి వెనక వాకిలి దగ్గర నిలబడేవాళ్లు. కోడలమ్మ గంప పట్టుకుని వచ్చి, పైట పట్టినవాళ్లకు పైటలో, చేతులు చాచినవాళ్లకు చేతుల్లో పైనుంచి ఒక్కొక్కటి వేసేది. తగలకుండా వేయడం ఆమెకు బాగా అలవాటు. ఒక దీపావళికి నేను చేతులు చాచినాను. ఆమె వేసింది నా వేళ్లకు తగిలి కింద మట్టిలో పడి రెండు ముక్కలయింది. నేను వంగి ఏరుకోబోతే అమ్మ నా జబ్బ పట్టుకుని లేపింది. ఆ ముక్కలను తానే తీసి, కాళ్ల కింద పడకుండా గోడ మీద పెట్టి, నన్ను చేయి పట్టుకుని ఇంటికి తెచ్చింది. నాకు ఏడుపు వచ్చింది గానీ అమ్మ ముఖం చూసి మింగేసినాను. ఇంటికొచ్చి కుండలో నీళ్లు ముంచుకుని తాగి, నా వైపు తిరిగి, మన పండక్కి మనమే చేసుకుందాము అనింది. మన పండగంటే క్రిస్మస్.

ఆ మాట అన్నంత సులభం కాదని నాకు అప్పుడు తెలియదు. అమ్మకు తెలుసు. ఆ ఏడు శెనక్కాయ పీకుడు అయిపోయినాక, రైతులు వదిలేసిన చేన్లలో నేల గీకి, మట్టిలో ఉండిపోయిన కాయలు ఏరడానికి నన్ను కూడా వెంట పెట్టుకుపోయింది. ఎండిన ఎర్రమట్టిలో వేళ్లు పెట్టి తవ్వితే గోళ్ల కింద నెత్తురొచ్చేది. ఒక్కో కాయ దొరికినప్పుడు నిధి దొరికినట్టు ఉండేది. అట్ల ఏరిన కాయలు వొలిచి నాయన బెళుగుప్ప గానుగలో ఆడించుకొచ్చినాడు. ఆ నూనె వాసనకు మా తమ్ముడు గిన్నె చుట్టూ తిరిగేవాడు. వడ్లు మడి కోతలో కూలిగా వచ్చినాయి. అమ్మ వాటిని అన్నానికి వాడకుండా, దంచి బియ్యం చేసి కుండలో పెట్టి మూతకు గుడ్డ కట్టింది. బెల్లం సంతలో తెచ్చింది. నువ్వులు మా చిన్నమ్మ ఎస్తేరమ్మ ఇచ్చింది. ఆమె మా నాయన తమ్ముడి పెండ్లాము, పక్కిల్లే. పెద్దింటోళ్లు చేసేవి మనకు కుదురుతాయా అని నవ్వుతానే ఇచ్చింది.

పండగ ఇంకా రోజులుండగానే ఒకసారి చేసి చూద్దామని అమ్మ కొంచెం బియ్యం నానేసింది. పిండి ఎప్పటిలాగే మెత్తగా వచ్చింది. బెల్లం కరిగి పొంగింది. ఎప్పుడు దించల్లనో ఆమెకు తెలియదు. పొంగింది కదా అని దించేసి పిండి కలిపింది. ఇస్తరాకు మీద నూనె రాసి చిన్నగా తట్టి, కాగిన నూనెలో వేసింది. వేసింది వేసినట్టే విడిపోయి, నూనెంతా నురగ కట్టి, అడుగున ఇసక మాదిరి పిండి పేరుకుంది. ఇంకోటి వేసింది. అదీ అంతే. చిన్నమ్మ వచ్చి బాణలిలోకి తొంగి చూసింది, ఈసారి నవ్వలేదు. నాయన ఆ అడుగునున్నదాన్ని గరిటెతో తీసి ఆకులో వేసుకుని, రుచిగానే ఉండాది, ఇదే చేసి పెట్టు చాలు అన్నాడు. మేమంతా తిన్నాము. నిజంగానే రుచిగా ఉండింది. అమ్మ మాత్రం ముట్టలేదు. పొయ్యి ముందర మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కట్టెలు ఆరిపోయేదాకా ఆ నూనె వైపే చూసింది.

మరుసటి రోజు పెద్దింట్లో కందులు చెరగడానికి పోయినప్పుడు నేనూ వెంట పోయినాను. పెరట్లో నీడకు పెద్దవ్వ కూర్చుని ఉండింది. ఆమె ఇంటి యజమానికి తల్లి, కోడలమ్మకు అత్త. బోడితల మీద ముసుగు వేసుకుని, పొద్దస్తమానం ఏదో ఒకటి వొలుస్తా, మాటకు ముందు ఒక తిట్టుతో మాట్లాడే మనిషి. ఆమె ముందర నిలబడాలంటే మా నాయనక్కూడా గుబులే. అమ్మ చాట కింద పెట్టి నేరుగా అడిగింది.

"అవ్వా, అత్తిరసాలకు పాకం వచ్చిందని ఎట్ల చూస్తారు?"

పెద్దవ్వ వొలిచేది ఆపింది. "నీకెందుకే పాకం?"

"పండక్కి చేసుకుంటాండాము. నిన్న చేస్తే నూనెలో విడిపోయినాయి."

వంటింటి గడప దగ్గర నిలబడి ఉన్న కోడలమ్మ, మనం పెట్టేవి చాలకనా ఈ సోకు అని అత్తతో అనింది. అమ్మ ఆమె వైపు చూడలేదు. ఇన్నేండ్లుగా పిండి నేను దంచితే పాకం మీరు పడతాండారు, ఆ రెండోది కూడా తెలిస్తే పని మొత్తం వచ్చినట్టు కదా అని పెద్దవ్వకే చెప్పింది. గొంతులో బతిమాలడం లేదు, పొగరూ లేదు. పని తెలిసిన మనిషి పని తెలిసిన ఇంకో మనిషిని అడిగినట్టుగా అడిగింది. ఇప్పుడు పెద్దవ్వ తిడుతుందని నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. ఆమె మళ్లీ వొలవడం మొదలుపెట్టి, తల ఎత్తకుండానే చెప్పింది. గిన్నెలో చల్లనీళ్లు పెట్టుకుని పాకం చుక్క వేసి చూడల్లంట. కరిగిపోతే ఇంకా లేత. వేళ్లతో దగ్గరికి తీస్తే ఉండ కట్టల్ల, ఆ ఉండ నొక్కితే అణగల్ల. అప్పుడు ఒక్క క్షణం కూడా ఆగకుండా దించి పిండి పోయల్ల, పోస్తా ఉండగానే తిప్పల్ల, తిప్పే చేయి ఆగగూడదు. నిన్న నువ్వు లేతపాకంలో పోసినావు, అందుకే విడిపోయింది అనింది. తర్వాత కందులు సరిగ్గా చెరగడం లేదని తిట్టింది.

ఆమె ఎందుకు చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. మంచిదనే మాట ఆమెకు అంత తొందరగా అతకదు. చనిపోయేదాకా అమ్మను సుంకీ అనే పిలిచింది, ఆ గడప ఎప్పుడూ దాటనివ్వలేదు. కానీ ఆ రోజు చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పల్ల.

పండగ ముందు రోజు పొద్దెక్కినాక అమ్మ పాకం పెట్టింది. మా ఇంటి ముందర మూడు రాళ్ల పొయ్యి, దాని చుట్టూ గేరిలో ఆడోళ్లు సగం మంది. పిండి దంచడానికి చిన్నమ్మా, అమ్మా ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో వంతు వంతుగా రోకళ్లు వేస్తా ఉంటే, ఆ చప్పుడుకు చర్చి తుడిచే పిల్లలు చీపుర్లు వదిలేసి వచ్చినారు. నేను నీళ్ల గిన్నె పట్టుకుని పొయ్యి పక్కన కూర్చున్నాను. అమ్మ చుక్క వేసింది, కరిగిపోయింది. మళ్లీ వేసింది, తీగ సాగి తెగిపోయింది. ఇంకోసారి వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే, నీళ్లలో చిన్న ఉండ నిలబడింది. దించినారు. చిన్నమ్మ పిండి పోస్తా ఉంటే అమ్మ తిప్పింది. మొదటిది నూనెలో వేసినప్పుడు అడుక్కు మునిగింది. మునిగి, ఒక్క క్షణం కనిపించకుండా పోయి, పైకి తేలింది, పొంగి, గుండ్రంగా, అంచుల్లో నువ్వులతో. నాయన రెండు చెక్క పలకలు నునుపుగా చెక్కి పెట్టినాడు, వాటి నడుమ పెట్టి నూనె వొత్తినాడు. ఆ వాసన గేరి దాటి ఊర్లోకి పోయింది. ఎప్పుడూ అటునుంచి ఇటు వచ్చే వాసన ఆ రోజు ఇటునుంచి అటు పోయింది. చిన్నమ్మ మొదటిది తుంచి నోట్లో వేసుకుని, కళ్లు తుడుచుకుని, పొగ అనింది.

అన్నీ అయినాక అమ్మ ఒక పళ్లెంలో కొన్ని పేర్చి, ఉతికిన గుడ్డ కప్పి పక్కన పెట్టింది. అవి ఎవరికని నాయన అడిగినాడు. పెద్దింటికి అనింది. నాయన ముఖం మారిపోయింది. వాళ్లు ముట్టరు, ముట్టకపోతే నీకు అవమానం, ముడితే వాళ్లకు అవమానం, రేప్పొద్దున నన్ను జీతం మాన్పిస్తే ఏం తింటామని అడిగినాడు. ఆయన భయపడింది ఉత్త భయం కాదు. అట్ల మాన్పించినవాళ్లను ఆయన చూసినాడు.

"ఇన్నేండ్లు వాళ్లది మనం తిన్యాము" అనింది అమ్మ. "మనది వాళ్లు తినకపోతే, ఇంక వాళ్లది మనమూ తినేది లేదు. ఏదో ఒకటి తెలిసిపోవల్ల."

పండగ రోజు ఆరాధన అయినాక, చర్చికి కట్టుకున్న చీరతోనే అమ్మ పళ్లెం పట్టుకుని బయల్దేరింది. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. నేను వెంట పోయినాను. వెనక వాకిలికి పోకుండా ఊరి నడుమ దోవన ముందు వాకిలికి పోయింది. కోడలమ్మ బయటికొచ్చి, గుడ్డ కప్పిన పళ్లెం చూసి, సంగతి అర్థమై, ఆ అరుగు మీద పెట్టిపో అనింది. అమ్మ కదల్లేదు.

"పెట్టిపోయేదానికి రాలేదమ్మా. ఇచ్చేదానికి వచ్చినా."

అమ్మ రెండు చేతులతో పళ్లెం పట్టుకుని అట్లే నిలబడింది. ఎండ ముఖం మీద పడతా ఉన్నా కళ్లు దించలేదు. కోడలమ్మ లోపలికీ పోలేదు, ముందుకూ రాలేదు. దోవన పోయేవాళ్లు ఆగి చూసినారు. అప్పుడు లోపలినుంచి పెద్దవ్వ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. కోడలు అత్తా అని ఏదో చెప్పబోయింది. పెద్దవ్వ ఆమెను తప్పుకోమన్నట్టు చేయి ఊపి, మెట్టు దిగి, ఆ చేయే అమ్మ వైపు చాపింది. అమ్మ గుడ్డ తీసి ఒక అత్తిరసం ఆమె అరచేతిలో పెట్టింది. పైనుంచి వేయలేదు. అమ్మ వేళ్లు ఆమె చేతికి ఆనడం నేను నా కళ్లతో చూసినాను.

పెద్దవ్వకు ముందు పండ్లు లేవు. అంచు తుంచి పక్క పండ్ల కింద పెట్టుకుని చానాసేపు నమిలింది. ఊరంతా ఆమె దవడ వైపే చూస్తా ఉన్నట్టుంది నాకు. మింగినాక చెప్పింది.

"పిండికి వంకలేదు. పాకం ఒక్కరవ్వ ముదిరింది. ఈతూరి ఇంకా ముందే దించు."

అట్లే దించుతానవ్వా అనింది అమ్మ. పెద్దవ్వ మిగిలినవి తన కొంగులో పోయించుకుని పళ్లెం తిరిగిచ్చింది. లోపల ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో మాకు తెలియదు. నాయన జీతం పోలేదు. యజమాని కొన్నాళ్లు ఆయనతో ముఖం చూసి మాట్లాడలేదు, తర్వాత ఎద్దులకు జబ్బు చేస్తే మాట్లాడక తప్పలేదు. ఊరి దోవన తిరిగి వస్తా ఉంటే అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. చూసినావా, తప్పు పట్టింది, తప్పు పట్టింది అని నాతో రెండుసార్లు అనింది. తప్పు పడితే ఇంత సంతోషమెందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. బిచ్చం పెట్టే చోట ఎవరూ పాకం సంగతి మాట్లాడరని తెలుసుకునేంత వయసు నాకు లేదు.

మరుసటి దీపావళికి కూడా అమ్మ పెద్దింటికి పిండి దంచడానికి పోయింది, కూలి తీసుకుని వచ్చింది. వెనక వాకిలి దగ్గరికి మాత్రం మా ఇంటినుంచి ఎవరూ పోలేదు. ఆ క్రిస్మస్‌కు చిన్నమ్మ పాకం పట్టింది. ఆ తర్వాత గేరిలో ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. నేను నర్సు ట్రైనింగుకు పోయే నాటికి వెనక వాకిలి దగ్గర నిలబడేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఎవరూ ఊరేగింపు తీయలేదు, ఎవరూ ఉపన్యాసం ఇయ్యలేదు. అదొక ఆడమనిషి పట్టిన పాకంతో అయిన పని అని చెప్పుకోవడానికి నాకు ఇప్పుడు ఛాతీ ఉప్పొంగుతుంది.

ఇప్పుడు ఆ బావి ఎండిపోయింది, మడి లేదు. చుట్టూ బోర్లే, వాటిలోనూ సగం గాలే. గేరిని కాలనీ అంటారు, సిమెంటు ఇళ్లు వచ్చినాయి. చౌకదుకాణం బియ్యం ఇంటింటా ఉన్నాయి, వాటి వాసన చూసేవాళ్లు లేరు. చక్కెర జబ్బని నేను డాక్టరు మాట మీద కొర్రలు కొనుక్కుని తింటున్నాను. మరకు పోతే తడిపిండి చిటికెలో ఆడిస్తారు. మా తమ్ముడి కోడళ్లు గ్యాసు మీద పాకం పట్టి, పనుల తొందరలో ఉన్నా అత్తిరసాలు బాగానే చేస్తారు. మా పిల్లల చేతుల్లో ఎవరైనా పైనుంచి ఏదైనా వేస్తారని ఊహించడానికి కూడా వాళ్లకు రాదు. అన్నీ మారిపోయినాయని నేను అనను. ఊర్లో ఇప్పటికీ కొన్ని గడపలు గడపల్లాగే ఉన్నాయి. కానీ మా తమ్ముడి ఇంటికి పండక్కి వచ్చినవాళ్లు ఎవరైనా సరే కూర్చుని, పళ్లెంలో పెట్టింది తిని, చేయి కడుక్కుని పోతారు. తిననివాళ్లు రారు. అమ్మ ఆ రోజు పెట్టిన నియమమే అది, రాసిపెట్టిన కాగితమేమీ లేకపోయినా నడుస్తా ఉంది.

పోయిన నెల ఆ సాయంత్రం అమ్మ కుర్చీ పక్కన కూర్చుని, ఎన్నాళ్లనుంచో నాలో ఉండిపోయిన మాట అడిగినాను. అమ్మా, ఆ రోజు అవ్వ కూడా చేయి చాపకుండా ఉండింటే ఏం చేసేదానివి అని. అమ్మ పచ్చగుడ్డ కింద కన్ను దురద పెడుతుందని గుడ్డ అంచు సరిచేసుకుంది. ఆలోచించి చెప్పల్సిన ప్రశ్నలాగా ఆమెకు అది తోచలేదు.

"ఏం చేస్తానే, ఇంటికి తెచ్చి మీకు పెట్టేదాన్ని. మీకు ఇంకా నాలుగు ఎక్కువ వచ్చుండేవి" అనింది.